సాగర్‌లో ఒక్క రోజు: నాగార్జునకొండ మ్యూజియమా, బుద్ధవనమా?

మధుర_హైదరాబాద్
వచ్చే శనివారం కుటుంబంతో నాగార్జునసాగర్ వెళ్తున్నాం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పెద్దమ్మాయి ఆరో తరగతి, చిన్నవాడికి నాలుగేళ్లు. తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరాలి. ఈమధ్యే వెళ్లొచ్చిన మా అన్నయ్య "లాంచీ గొడవ పెట్టుకోవద్దు, బుద్ధవనం చూసుకుని వచ్చేయండి" అంటున్నాడు. అమ్మాయి మాత్రం నీళ్ల మధ్య నాగార్జునకొండ మీద ఉన్న మ్యూజియమే చూడాలని పట్టుబట్టింది. రెండూ కుదిరేలా లేవు. ఏది మేలు?

పాతరాయి
ఇందులో సందేహం ఏముందండీ? కొండకే వెళ్లండి. బుద్ధవనం బౌద్ధ కథలతో కట్టిన కొత్త పార్కు, 2022లో ప్రారంభమైంది. అక్కడి మహాస్తూపం అమరావతి స్తూపానికి నమూనా, శిల్పాలు ఈ కాలపు శిల్పులు చెక్కినవి. బాగుండదని నేను అనను. కానీ నమూనా కోసం హైదరాబాద్ నుంచి నూట యాభై కిలోమీటర్లు ప్రయాణం చేయాలా? కొండ మీది మ్యూజియంలో ఈ లోయను ఏలిన ఇక్ష్వాకు రాజుల నాటి, అంటే క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల శిల్పాలు కళ్లెదుట ఉంటాయి. చరిత్ర జరిగిన చోటే నిలబడి చూడాలి.

అమ్మాయిని హాలంతా పరుగులు పెట్టించకండి. పొడవైన ఆయక ఫలకం, అంటే స్తూపం అరుగుకు తాపిన శిల్పాల పలక, ఒక్కటి ఎంచుకుని దాని ముందు నిలబెట్టండి. ఒక కథకూ మరో కథకూ మధ్య సన్నని గడి కట్టి, అందులో ఒక జంటను చెక్కారు. జంట జంటకూ నిలబడే తీరు వేరు, తలకట్టు వేరు. అవి చూసి చెప్పమనండి. పావుగంట ఇట్టే గడిచిపోతుంది.

లాంచీరేవు
పాతరాయి గారు ఒంటరిగా ప్రయాణాలు చేసే మనిషిలా ఉన్నారు. కుటుంబంతో వెళ్లేవాళ్లకు లాంచీని నమ్ముకోమని సలహా ఇవ్వడం అన్యాయం. మా అనుభవం చెప్తాను. సాగర్ కాదులెండి, మరో జలాశయం, పేరు అనవసరం. జనం నిండితే తప్ప పడవ కదలదన్నారు. ఎండలో సిమెంటు బల్ల మీద మా అత్తగారు, ఒళ్లో పులిహోర డబ్బా. పిల్లలు అరగంటకోసారి "ఇంకెంతసేపు" అని అడగడం, నేను రేవులోని మనిషిని అడగడం, అతను ఆకాశం వైపు చూడడం. చివరికి ఆ రోజు పడవే లేదన్నారు. ఇప్పటికీ ఇంట్లో ఏ ప్రయాణం మాట ఎత్తినా "పడవ ఉందా నాయనా" అని మా అత్తగారు అడుగుతారు.

పాతరాయి
ఎక్కడో పడవ రాకపోతే నాగార్జునకొండ చేసిన తప్పేమిటి?

ఎత్తిపోతల_వాసి
శుక్రవారం కొండ మ్యూజియానికి సెలవు. మీరు వెళ్లేది శనివారం కాబట్టి ఇబ్బంది లేదు.

లాంచీరేవు
"చరిత్ర జరిగిన చోటే నిలబడి చూడాలి" అన్నారు. బాగుంది. మరి ఆ చోటు ఎక్కడుంది? నీళ్ల అడుగున. విహారాలు, స్తూపాలు లోయలో ఉండేవి. 1955 డిసెంబరులో నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. నీళ్లు నిండేలోగా లోయను ఆదరాబాదరా తవ్వి, కొన్ని కట్టడాలను విప్పి కొండ మీద తిరిగి పేర్చారు. మిగతావాటిలో కొన్నిటికి నమూనాలు చేశారు. అంటే మీ కొండ మీద ఉన్నదీ పునర్నిర్మాణమే. బుద్ధవనాన్ని నమూనా అని తీసిపారేసే హక్కు మీకు లేదు.

పాతరాయి
ఆదరాబాదరా అనకండి. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు పద్ధతిగా జరిగాయి. అంతకుముందు పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వింది ఉండనే ఉంది. ఇక రాయిని కదిలిస్తే నకలైపోతుందా? అమరావతి శిల్పాలు ఎన్నో చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. కొన్ని 1859లో లండన్‌కు ఓడెక్కాయి. అవి నకళ్లని ఎవరైనా అంటారా? ఉలి తగిలిన రాయి అదే. అది చాలు.

లాంచీరేవు
అదే రాయి చాలు అనుకుంటే ఎగ్మోర్‌కు వెళ్లమని చెప్పండి, పడవ అక్కర్లేదు. చోటు ముఖ్యమా, రాయి ముఖ్యమా? ముందు ఒకటి తేల్చుకోండి.

పాతరాయి
రెండూ ముఖ్యమే. తేల్చుకోవలసింది మీరు. చెమట పట్టకుండా, ఎక్కడా ఆగకుండా, ఫొటోలు దిగి వచ్చేయాలి, అంతే కదా? పిల్లలను షాపింగ్ మాల్‌కు తీసుకెళ్లండి, సరిపోతుంది. మీలాంటివాళ్లు ఉండబట్టే ఊళ్లలోని మ్యూజియాలు బోసిపోయి ఉంటున్నాయి.

లాంచీరేవు
మాటలు జాగ్రత్త. ముసలావిడ మోకాళ్ల గురించి ఇంతవరకు ఒక్క ముక్క మాట్లాడనివారు మీరు. ప్రశ్న అడిగినావిడ మొదటి వాక్యాల్లోనే ఆ సంగతి రాశారు. చదివారా?

పాతరాయి
చదివాను. పెద్దావిడను నీడలో కూర్చోబెట్టవచ్చు.

పద్మజ_కె
కూర్చోబెట్టేది ఎవరు?

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఇక ఆగలేకపోతున్నాను. మా ఇంట్లోనూ ఒక పాతరాయి గారు ఉన్నారు. ఏ మ్యూజియానికి వెళ్లినా ఒక్కో శిల్పం ముందు పావుగంట. ఆ పావుగంటలో చంటిదాన్ని చంకన వేసుకుని మరుగుదొడ్డి ఎక్కడుందో వెతికేది నేను. మంచినీళ్ల సీసా, చెప్పుల సంచి, మా మామగారి మాత్రలు, అన్నీ నా భుజానే. బయటికి వచ్చాక "ఎంత బాగుందో చూశావా" అంటారు. ఆయన శిల్పాలు చూశారు, నేను ఆయన వీపు చూశాను.

లాంచీరేవు గారూ, మీరూ తక్కువేం కాదు. మీ కథలో బల్ల మీద కూర్చుంది మీ అత్తగారు, రేవులో మనిషిని అడిగింది మీరు. ఆ పులిహోర తెల్లవారుజామున లేచి కలిపిందెవరో మీ కథలో లేనే లేదు. కొండా, వనమా అని మీరిద్దరూ ఎంత కొట్టుకున్నా, మోసేవాళ్లకు రెండూ ఒకటే. సంచి ఎవరు పట్టుకుంటారో తేలాక చోటు సంగతి చూడవచ్చు.

పాతరాయి
అమ్మా, మీ బాధ కాదనను. కానీ అందుకే ఆ కొండ చూడాలంటాను. అక్కడ రాజుల కన్నా రాణుల దానాలే ఎక్కువ మాట్లాడతాయి. మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద స్తూపానికి, స్తంభాలు నిలిపించిన చాంతిసిరి ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి మేనత్త, పిల్లనిచ్చిన అత్తగారు కూడా. రాజు అశ్వమేధం చేసినవాడి కొడుకు, ఆవిడేమో బౌద్ధానికి దానాలు చేసింది. ఇంట్లో ఆడవాళ్లకు అంతటి మాట చెల్లుబాటు ఉన్న కాలాన్ని మన అమ్మాయిలకు చూపించవద్దా?

పద్మజ_కె
ఆవిడ సంచి మోయడానికి దాసీలు ఉండి ఉంటారు.

లాంచీరేవు
పద్మజ గారూ, పులిహోర కలిపింది మా ఆవిడే. అలసిపోయింది కూడా ఆవిడే. నేను లాంచీ వద్దంటున్నది అందుకే.

పద్మజ_కె
వద్దా కావాలా అని ఆవిడను అడిగారా?

మునిగినఊరు
మా తాతగారి ఊరు ఆ లోయలోనే ఉండేది. చోటు ముఖ్యమా, రాయి ముఖ్యమా అని మీరు వాదించుకుంటుంటే నాకు ఎటు తల ఊపాలో తెలియడం లేదు. రాళ్లను భద్రంగా కొండెక్కించారు, మంచిదే. మా వాళ్లు సామాను బళ్లకు ఎత్తుకుని వెళ్లిపోయారు. మ్యూజియంలో రాతియుగపు పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల దాకా వరసగా పెట్టారు. ఆనకట్ట నాటికి ఆ లోయలో కాపురం ఉన్నవాళ్ల గురించి నా కంటికి ఒక్క పలకా కనిపించలేదు. లాంచీలో వెళ్తుంటే మా నాన్న కడ్డీ పట్టుకుని నిలబడి, అదిగో మన బావి అక్కడ, చింతచెట్టు ఇక్కడ అని నీళ్ల మీదికి చెయ్యి చాపుతారు. పక్కన కూర్చున్నవాళ్లు సెల్ఫీలు దిగుతుంటారు.

మధుర గారూ, నా ఓటు లాంచీకే. మ్యూజియం కోసం కాదు, ఆ గంట ప్రయాణం కోసం. కింద ఏముందో అమ్మాయికి చెప్పండి.

పాతరాయి
మీ నాన్నగారు చెప్పేవి ఎవరైనా రాసి పెడుతున్నారా?

మునిగినఊరు
లేదు.

ఎత్తిపోతల_వాసి
లాంచీ ఎక్కలేనివాళ్లకు అనుపు ఉందన్న సంగతి అందరూ మరిచారు. లోయ నుంచి తెచ్చి తిరిగి కట్టిన రంగస్థలం, విహారాలు అక్కడున్నాయి. కారు నేరుగా వెళ్తుంది. పెద్దావిడ మెట్లు ఎక్కనక్కర్లేదు, రంగస్థలాన్ని పైగట్టు నుంచి చూసినా చాలు. ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆంధ్ర వైపు లాంచీ రేవు విజయపురి సౌత్‌లో, అనుపు కూడా అటే. బుద్ధవనం తెలంగాణ వైపు హిల్ కాలనీ దగ్గర. ఒకే కారులో రెండు జట్లుగా విడిపోతే ఆనకట్ట అటూ ఇటూ తిరగడానికే పూట గడుస్తుంది.

మధుర_హైదరాబాద్
అందరికీ ధన్యవాదాలు, ఇంత యుద్ధం జరుగుతుందనుకోలేదు. పద్మజ గారి మాటలు మా వారికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత తేలింది ఇది: ఉదయం రేవులో ఆయన, ఇద్దరు పిల్లలు దిగుతారు, లాంచీలో కొండకు వెళ్తారు. నాలుగేళ్లవాడూ ఆయన వెంటే, వాడి సంచీ ఆయన భుజానే. నేను, అత్తగారు కారులో అనుపు వెళ్లి, చెట్టు కింద కూర్చుంటాం. బుద్ధవనం ఈసారికి లేదు. భోజనం దారిలో హోటల్లో.

పద్మజ_కె
శభాష్. వాడు లాంచీలో ఏడిస్తే ఫోను ఎత్తకండి.

లాంచీరేవు
ఆ రోజు లాంచీ లేకపోతే?

పాతరాయి
ఉంటుంది.

లాంచీరేవు
మాకూ అలాగే చెప్పారు.