బీపీ మాత్ర మొదలుపెట్టాక వాచ్‌లో ఫిట్‌నెస్ పెరిగింది, నమ్మొచ్చా?

తార్నాక_నడక:
నాన్నకి 58 ఏళ్లు. రోజూ పొద్దున్నే ఓయూ క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి వస్తారు. ఈమధ్య డాక్టర్ గారు బీపీకి మెటోప్రోలాల్ రాశారు. అప్పటి నుంచి వాచ్‌లో వీఓ2 మ్యాక్స్ అంకె (ఒళ్లు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పేది) పెరుగుతూ వస్తోంది, నాన్న చాలా సంతోషంగా ఉన్నారు, కానీ మెట్లెక్కితే ఆయాసం ఎప్పటిలాగే వస్తోంది, నడక వేగమూ మారలేదు. మాస్కు పెట్టి చేసే ల్యాబ్ పరీక్షకి రానంటున్నారు. మనకి ఎంత కష్టంగా అనిపిస్తోందో దాన్ని బట్టే దమ్ము లెక్కకట్టొచ్చని విన్నాను. అది నిజంగా పనికొస్తుందా?

గచ్చిబౌలి_ట్రాక్:
ముందు వాచ్ సంగతి చెప్తా. అది ఆక్సిజన్‌ని కొలవదు, ఫలానా వేగంలో నడిచినప్పుడు గుండె ఎంత కొట్టుకుందో చూసి అంచనా వేస్తుంది, తక్కువ కొట్టుకుంటే ఫిట్‌నెస్ ఎక్కువ అనుకుంటుంది. మెటోప్రోలాల్ బీటా బ్లాకర్, గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఆ తగ్గింది మాత్ర వల్ల అని వాచ్‌కి తెలియదు కదా. గరిష్ఠ గుండె వేగం కోసం 220 లోంచి వయసు తీసేసే లెక్క కూడా వదిలేయండి, ఏ మందూ వాడనివాళ్లకే అది పది పన్నెండు అటూఇటూ అవుతుంది.

మీరు విన్నది బోర్గ్ స్కేలు గురించి అయ్యుంటుంది. స్వీడన్ సైకాలజిస్టు గున్నార్ బోర్గ్ తయారుచేశారు. 6 నుంచి 20 దాకా ఉంటుంది. 6 అంటే శ్రమే లేదు, 9 చాలా తేలిక, 11 తేలిక, 13 కాస్త కష్టం, 15 కష్టం, 17 చాలా కష్టం, 20 అంటే ఇక ఒంట్లో ఏమీ మిగల్లేదు. 6తో ఎందుకు మొదలుపెట్టారంటే, పదితో గుణిస్తే ఆరోగ్యవంతుల గుండె వేగానికి దగ్గరగా వస్తుందని. మీ నాన్నగారి విషయంలో ఆ గుణకారం కుదరదు, అంకె మాత్రం పనికొస్తుంది.

తార్నాక_నడక:
థాంక్స్ అన్నా. కానీ ఆయన్ని 20 దాకా తీసుకెళ్లడం నాకు భయం. మధ్యలో ఆపితే గరిష్ఠం ఎలా తెలుస్తుంది?

ఫిజియో_మారేడుపల్లి:
20 దాకా అస్సలు వద్దండి, 15 దగ్గర ఆపేయాలి. అదీ డాక్టర్‌ని అడిగాకే, పక్కన ఒక మనిషి ఉండగానే. ట్రెడ్‌మిల్ మీద చేయించండి, అక్కడైతే వేగం, ఎత్తు (పట్టీ ఎంత శాతం వాలుగా లేచిందో) కచ్చితంగా తెలుస్తాయి. ఆయన్ని ముందు 9 అనిపించేలా, తర్వాత 13, తర్వాత 15 అనిపించేలా నడవమనండి, ఒక్కోచోట కనీసం మూడు నిమిషాలు. నడకకి ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పే సూత్రం ఉంది: నిమిషానికి నడిచే మీటర్లని 0.1తో గుణించి, దానికి 3.5 కలపాలి, ఎత్తు పెడితే మీటర్లు × ఎత్తు × 1.8 కూడా కలపాలి.

ఉదాహరణకి గంటకి 4.8 కిలోమీటర్లు, అంటే నిమిషానికి 80 మీటర్లు. సమతలంలో 11.5 వస్తుంది. 5 శాతం ఎత్తులో, అంటే 80 × 0.05 × 1.8 కూడా కలిపితే, 18.7. 7.5 శాతంలో 22.3. ఈ మూడూ ఆయనకి వరుసగా 9, 13, 15 అనిపించాయనుకోండి, గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీసి 20 దాకా పొడిగిస్తే 31 దగ్గర తగులుతుంది. కిలో బరువుకి నిమిషానికి అన్ని మిల్లీలీటర్లు. చాలామంది నిజంగా ఆగిపోయేది 19 దగ్గరే, అక్కడ చూస్తే 29.5. అందుకే దీన్ని 30కి అటూఇటూ అని చదువుకోవాలి.

ఇంకొకటి, చేతులతో రాడ్ పట్టుకోనివ్వకండి. పట్టుకుంటే శ్రమ తగ్గుతుంది, సూత్రం మాత్రం ఎక్కువ చూపిస్తుంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపేయాలి.

కేబీఆర్_అక్క:
లెక్క బాగుంది, కానీ కొత్తవాళ్లు చెప్పే అంకెని మొదటిసారే నమ్మొద్దు తమ్ముడూ. మగవాళ్లు మరీను, పక్కన ఎవరైనా ఉంటే రొప్పుతూ కూడా 'తేలికే' అంటారు. కాళ్ల నొప్పి ఒక్కటే కాదు, ఊపిరి, ఒళ్లంతా కలిపి ఎలా ఉందో చెప్పమనండి. నేనైతే మాటతో సరిచూస్తాను: హాయిగా కబుర్లు చెప్పగలిగితే 11 చుట్టుపక్కల ఉన్నట్టు, రెండు మూడు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే 15 దాటినట్టు. మన ఊళ్లో మే నెల ఎండలో అదే నడక కచ్చితంగా ఎక్కువ కష్టం అనిపిస్తుంది, దాన్ని డిసెంబర్ అంకెతో పోల్చి దమ్ము తగ్గిందని కంగారుపడొద్దు.

నన్నడిగితే గరిష్ఠం ఎంత అనేదానికన్నా, అదే 13లో ఈ నెల ఎంత ఎత్తు ఎక్కగలిగారు, రెండు నెలల తర్వాత ఎంత ఎక్కుతున్నారు అన్నదే చూడాలి. నిజమైన మార్పు అక్కడ తెలుస్తుంది, వాచ్ ఏం చూపించినా సరే.

తార్నాక_నడక:
మా అపార్ట్‌మెంట్ జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఉంది, డాక్టర్ సరేనంటే అక్కడే చేయిస్తాను. మాత్ర వేసుకున్నాక చేయించాలా, ముందా?

ఫిజియో_మారేడుపల్లి:
పరీక్ష కోసం మాత్ర మానేయడం మాత్రం చేయకండి, బీటా బ్లాకర్ హఠాత్తుగా ఆపితే ప్రమాదం. రోజూ వేసుకునే వేళకే వేసుకోనివ్వండి, ప్రతిసారీ మాత్ర తర్వాత అంతే సమయానికి, టిఫిన్‌కీ నడకకీ మధ్య అంతే గ్యాప్‌తో చేయించండి.