చేనేత అల్పాకా కంబళిపై టీ మరక: ఇంట్లో ఉతకవచ్చా?

ప్రశ్న: పెరూలో చేతిమగ్గంపై నేసిన అల్పాకా (దక్షిణ అమెరికాలో ఉన్ని కోసం పెంచే జంతువు) ఉన్ని కంబళి ఒకటి మా ఇంట్లో ఉంది. ఎరుపు, గోధుమ రంగు చారలతో, రెండు కొసలా కుచ్చులతో ఉంటుంది. ఒక మూల టీ ఒలికి మరక పడింది. ఇంట్లో ఉతకవచ్చా, డ్రైక్లీనింగుకు ఇవ్వడమే మేలా? చీటీపై "నూరు శాతం అల్పాకా" అని మాత్రమే రాసి ఉంది. అది నిజమో కాదో తెలుసుకునే మార్గం ఉంటే అదీ చెప్పగలరు.

మొదటి సమాధానం: మరక ఒక్క మూలకే పరిమితమైతే కంబళి మొత్తాన్ని తడపకండి. ముందు ఎరుపు చారపై తడిపిన తెల్లగుడ్డను కాసేపు అదిమి, రంగు అంటుతుందేమో చూడండి. పెరూ నేతగాళ్లు ఎరుపు కోసం నాగజెముడు జాతి మొక్కలపై బతికే కోచినీల్ పురుగుల నుంచి తీసిన రంగును తరతరాలుగా వాడుతున్నారు. ఆ రంగు పుల్లని పదార్థం తగిలితే నారింజ వైపు, క్షారం తగిలితే ఊదా వైపు మారుతుంది కాబట్టి, మరకలకు చాలామంది సలహా ఇచ్చే వెనిగర్, సోడా రెండింటినీ దూరంగా ఉంచండి. రంగు అంటకపోతే, ఉన్ని బట్టల కోసం తయారుచేసిన ద్రవ సబ్బును చల్లని నీటిలో కొద్దిగా కలిపి, మరకను రుద్దకుండా అద్దుతూ తీయండి. మామూలు సబ్బుపొడి వద్దు. మాంసకృత్తుల మరకలను కరిగించడానికి అందులో కలిపే ఎంజైములు, తానూ మాంసకృత్తే అయిన ఉన్నిని కూడా తినేస్తాయి.

మొత్తం ఉతకక తప్పనప్పుడు తొట్టిలో నానబెట్టి, నెమ్మదిగా అదిమి, అదే చల్లదనం గల నీటితో జాడించండి. వేడి, కుదుపు కలిస్తే ఉన్ని ముద్దకట్టి కుంచించుకుపోతుంది, అది మళ్లీ విప్పుకోదు. అసలు జాగ్రత్త ఆరబెట్టడంలోనే ఉంది. అల్పాకా పోగుకు గొర్రె ఉన్నికి ఉన్నంత ముడుచుకునే గుణం లేదు కనుక, నీరు పీల్చుకుని బరువెక్కిన కంబళిని తీగపై వేలాడదీస్తే సాగి, అలాగే ఉండిపోతుంది. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, ఎండ తగలని చోట నేలపై పరిచి, అంచులు చేత్తో సరిచేయండి.

రెండవ సమాధానం: పూర్తిగా ఆరనిదే మడవకండి. దాచేటప్పుడు గాలి చొరని సంచిలో పెట్టండి; ఉన్నిని తినేది చిమ్మట కాదు, దాని పిల్లపురుగు, అది ముఖ్యంగా చెమట, ఆహారపు మరకలున్న చోటనే మొదలుపెడుతుంది. కలరా ఉండలు నేరుగా బట్టపై వేయకూడదు.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలు. మరక దాదాపు పోయింది. కుచ్చు నుంచి ఒక పోగు తీసి కాల్చి చూశాను. వెంట్రుక కాలిన వాసన వచ్చింది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోయింది. అసలైనదే అనుకోవచ్చా?

మొదటి సమాధానమిచ్చినవారు: యాక్రిలిక్ అనే కృత్రిమ దారం అయితే కరిగి గట్టి పూసలా మిగిలేది, కనుక ఆ పోగు జంతువు ఉన్నే. అయితే కుచ్చులు పడుగు (నిలువు) దారాల కొసలు మాత్రమే. పేక (అడ్డంగా నేసేది) వేరే దారం కావచ్చు. వెనుకవైపు అంచు దగ్గర వదులుగా ఉన్న పేక పోగు కొసను కూడా కాల్చి చూడండి. గొర్రె ఉన్ని కూడా ఇలాగే కాలుతుంది కాబట్టి, రెండింటిలో ఏదో తేల్చాలంటే ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద పోగు మీది పొలుసులను పరిశీలించవలసిందే.