గర్భసంచిలో ఒక బిడ్డ, ట్యూబులో మరొకటి: మీలో ఎవరికైనా ఎదురైందా?

పర్లాకిమిడి వాసి:
మా ఆవిడకు ఏడో నెల కాదు, ఏడో వారమే. అండం ఎదగడానికి మాత్రలు వాడాక నిలిచిన గర్భం. పోయిన సోమవారం స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకోవడం చూపించి, అంతా బాగుందన్నారు. గురువారం కుడివైపు పొత్తికడుపులో నొప్పి మొదలైతే, బిడ్డ గర్భసంచిలోనే ఉన్నట్టు రిపోర్టు ఉంది కదా అని గ్యాస్ మాత్ర ఇచ్చి పంపారు. చుక్క రక్తం కూడా కనబడకపోవడంతో మేమూ అదే నమ్మాము. శనివారం రాత్రి కుడి భుజం లాగేస్తోందంటూ లేచి, రెండడుగులు వేసి గుమ్మం పట్టుకుని కూలబడిపోయింది. పెదవులు సున్నం రాసినట్టు తెల్లబడ్డాయి. బరంపురం తీసుకువెళితే, అండం గర్భసంచికి చేరే ట్యూబులో రెండో గర్భం పగిలి కడుపులో రక్తం నిండిందని చెప్పి, ఆదివారం తెల్లవారుజామున ఆపరేషన్ చేసి ఆ ట్యూబు తీసివేశారు. లోపలి బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోంది. ఈ సోమవారం రాత్రి వార్డు వరండాలో కూర్చుని అడుగుతున్నాను: మొదటి స్కానింగులో ఇది ఎందుకు దొరకలేదు?

గుణుపురం, విశ్రాంత నర్సు:
దీన్ని హెటెరోటోపిక్ గర్భం అంటారు బాబూ. సహజంగా నిలిచిన గర్భాలలో సుమారు 30,000కు ఒకటని పాత లెక్క. ఐవీఎఫ్ వంటి చికిత్సల తరువాత ఇది అంతకన్నా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. గర్భసంచిలో బిడ్డ కనబడగానే స్కానింగు చేసేవారి కన్ను అక్కడితో ఆగిపోతుంది. లోపలి గర్భం బాగానే ఉంటే రక్తస్రావం ఉండకపోవచ్చు, గర్భం హార్మోను బీటా హెచ్‌సీజీ కూడా మామూలుగానే పెరుగుతుంది కాబట్టి రక్తపరీక్ష మనల్ని హెచ్చరించదు. యోని ద్వారా చేసే ట్రాన్స్‌వజైనల్ స్కానులో అండాశయాల పక్కన ఇరువైపులా వెతకాలి. అయినా ట్యూబు గడ్డను అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడే కార్పస్ లూటియం తిత్తి అనుకునే అవకాశం ఉంటుంది. భుజం నొప్పి మాత్రం కడుపులోని రక్తం ఛాతీకీ కడుపుకూ నడుమ ఉండే ఉదరవితానాన్ని తాకిందనడానికి గుర్తు. దాన్ని గ్యాస్ అనడం నాకు మింగుడు పడదు.

రాయగడ, ఐవీఎఫ్ తల్లి:
నాకు రెండు పిండాలు గర్భసంచిలోనే వేశారు, అయినా ఒకటి జారి ట్యూబులోకి చేరింది. ఆరో వారంలో, పగలకముందే విశాఖపట్నంలో పట్టుకున్నారు. ట్యూబు గర్భానికి వాడే మెథోట్రెక్సేట్ ఇస్తే లోపలి బిడ్డకూ హాని కాబట్టి దాని మాటే ఎత్తలేదు. సూదితో ఆ పిండంలోకి పొటాషియం క్లోరైడ్ ఎక్కించే పద్ధతి ఉందని, కాని ఆ తరువాత కూడా ట్యూబు పగలవచ్చునని వివరించాక, మేము చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీ ఆపరేషనుకే ఒప్పుకున్నాము. తరువాత గర్భం నిలబడటానికి కొన్ని వారాలు ప్రొజెస్టెరాన్ హార్మోను వాడాను. ఇప్పుడు మా పాప నా ఫోను లాక్కుంటోంది.

పర్లాకిమిడి వాసి:
అక్కా, ఆ మాట మా ఆవిడకు చదివి వినిపించాను. ఆపరేషన్ తరువాత మొదటిసారి నవ్వింది.

గుణుపురం, విశ్రాంత నర్సు:
ఇలాంటి వారిలో సుమారు మూడింట రెండు వంతుల మందికి లోపలి గర్భం నిలుస్తుంది. ఆమె బ్లడ్ గ్రూపు ఏమిటి?

పర్లాకిమిడి వాసి:
ఓ నెగెటివ్, అమ్మా. నాది పాజిటివ్.

గుణుపురం, విశ్రాంత నర్సు:
అయితే బిడ్డ రక్తం పాజిటివ్ కావచ్చు. దానికి వ్యతిరేకంగా తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారుకాకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్, రక్తస్రావం జరిగిన 72 గంటలలోపు పడాలి. కేస్ షీటులో రాసి ఉందో లేదో ఇప్పుడే డ్యూటీ సిస్టరును అడగండి.

పర్లాకిమిడి వాసి:
అడిగాను. రాయలేదట. డాక్టరుగారిని పిలిచారు, మందు కోసం ఇండెంటు వెళ్ళింది. శనివారం రాత్రి నుంచి లెక్కిస్తే మంగళవారం రాత్రి వరకు గడువుంది.