అప్‌డేట్: మొబైల్ కంపెనీ మారాను, అన్‌లిమిటెడ్ మాత్రం తీసుకోలేదు

ఫోన్‌లో అన్‌లిమిటెడ్ డేటా ప్లాన్‌కి మారాలా వద్దా అని పోయిన నెల అడిగాను కదా, దానికి అప్‌డేట్ ఇది. ఓపిగ్గా సమాధానాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

‘ముందు నీ వాడకం ఎంతో చూసుకో’ అన్న సలహా బాగా పనికొచ్చింది. ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా లెక్క చూస్తే మూడు నెలల్లో ఏ నెలా 6 జీబీ దాటలేదు. అందులో సగానికి పైగా ఒక్క వీడియో యాప్‌దే, అదీ ఆటోప్లే ఆన్‌లో ఉండబట్టి. ఇంట్లో, ఆఫీసులో వైఫై ఉండనే ఉంది. పైగా ఆ అన్‌లిమిటెడ్‌లో కూడా ఒక హద్దు దాటాక స్పీడ్ తగ్గిస్తారని షరతుల్లో చిన్న అక్షరాలతో రాసి ఉంది.

అయినా కంపెనీ మారాను. కారణం సిగ్నల్. మా పడగ్గదిలో ఫోన్ మాట్లాడాలంటే కిటికీ పక్కకి వెళ్లాల్సిందే. అమ్మ రాత్రిపూట చేసిన కాల్ రెండుసార్లు కలవలేదు, అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అందుకే కొత్త కంపెనీ ఈ-సిమ్ (కార్డు పెట్టక్కర్లేకుండా ఫోన్‌లోనే పనిచేసే సిమ్) తీసుకుని, పాత సిమ్‌తో పాటే రెండు వారాలు వాడి చూశాను. తలుపు వేసుకున్నా మాట తెగలేదు. అప్పుడు పాత నంబర్‌ని అలాగే ఉంచుకుని కొత్త కంపెనీకి మార్చుకున్నాను (దీన్నే పోర్ట్ అంటారు), అదీ చిన్న ప్లాన్‌లోకి.

పోర్ట్ అయిన రోజు పాత సిమ్ ఆగిపోయి, కొత్తది మొదలవడానికి కొన్ని గంటలు పట్టింది. బ్యాంక్ ఓటీపీలు రాలేదు. ఆ రోజు కట్టాల్సినవేమైనా ఉంటే ముందే కట్టేయండి.

నిన్న రాత్రి మంచం మీద పడుకునే అమ్మతో అరగంట మాట్లాడాను.