కుజుడి మీద కొడుకు, పర్లాకిమిడిలో తల్లి: రాకెట్ లేకుండా షార్ట్ ఫిల్మ్ నడుస్తుందా?

మహేంద్రతనయ_ఒడ్డు:

అందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో ఒక మందుల షాపులో పనిచేస్తాను. నలుగురు స్నేహితులం కలిసి పదిహేను నిమిషాల సైన్స్ ఫిక్షన్ షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాం. తలా మూడు వేలు వేసుకున్నాం. కథ నాది. కొడుకు మార్స్ మీద ఉద్యోగం చేస్తుంటాడు. తల్లి మా ఊళ్ళోనే అడ్డాకుల విస్తళ్ళు కుట్టుకుంటూ ఉంటుంది. ఇద్దరి మధ్యా వాయిస్ మెసేజ్‌లే. ఆవిడ "తిన్నావేటిరా?" అంటే ఆ మాట అక్కడికి చేరడానికి ఇరవై నిమిషాలు, జవాబు రావడానికి ఇంకో ఇరవై. "తిన్నానమ్మా, నువ్వో?" అని వచ్చేసరికి ఆవిడ నిద్రపోయి ఉంటుంది. సినిమా అంతా ఆ ఇల్లూ, ఆ వీధరుగూ. కొడుకు గొంతు తప్ప మనిషి కనబడడు.

గొడవేమిటంటే, మాలో ఒకడు ఏడాదిగా బ్లెండర్ (కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నాడు. వాడికి రాకెట్ కావాలి, ఎర్ర నేల కావాలి, హెల్మెట్ అద్దంలో భూమి మెరవాలి. "ఇవేవీ లేకపోతే దీన్ని సైన్స్ ఫిక్షన్ అని ఎవడంటాడ్రా? ఫోన్ ఎత్తని కొడుకు కథ అంటారు" అంటాడు. వాడి మాట తీసిపారెయ్యలేకపోతున్నాను.

ఇంకో చిక్కు. కెమెరా మా బావది, పెళ్ళి వీడియోలు తీస్తాడు. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి అప్పుడే ఖాళీ. వానలూ అప్పుడే. షూటింగ్ చెయ్యబోయే మా పెద్దమ్మ ఇల్లేమో రేకుల ఇల్లు. నాలుగు చినుకులు పడితే పక్కమనిషి మాట వినబడదు. తల్లి వేషం కూడా పెద్దమ్మదే. మామూలుగా మాట్లాడితే బంగారం, కెమెరా పెట్టగానే పద్యనాటకంలో చంద్రమతి అయిపోతుంది. ఏం చెయ్యమంటారు?

రాయగడ_లెక్కల_మాస్టారు:

బాబూ, రాకెట్ సంగతి తరవాత చూద్దాం. ఇరవై నిమిషాలని ఒక్క అంకె పట్టుకుని ఎందుకు కూర్చున్నావు? భూమికీ అంగారకుడికీ మధ్య దూరం ఎప్పుడూ ఒక్కలా ఉండదు. బాగా దగ్గరికొచ్చినప్పుడు రేడియో సంకేతం 3 నిమిషాల్లో చేరుతుంది. సూర్యుడికి చెరోవైపూ ఉన్నప్పుడు 22 నిమిషాల దాకా పడుతుంది. ఆ దగ్గరి నుంచి ఈ దూరానికి రావడానికి ఏడాది పైమాటే. అంటే మొదటి సీన్లో ఆవిడ అడిగి, నాలుగు విస్తళ్ళు కుట్టేలోగా జవాబు రావాలి. తరవాత సీన్లో పొయ్యి మీద అన్నం ఉడికిపోవాలి. ఆ తరవాత నిద్ర.

చివర్లో అసలు మాటే ఉండదు. సూర్యుడు సరిగ్గా మధ్యకి వచ్చినప్పుడు సుమారు రెండు వారాలు సంకేతాలు సరిగా అందవు. ఇది 26 నెలలకోసారి వస్తుంది. 2015 జూన్‌లో మన మంగళయాన్‌కీ ఇదే జరిగింది. నీ క్లైమాక్స్ పంచాంగం చూసి చెప్పగలిగేంత కచ్చితంగా ఆకాశంలోనే ఉంది. ఫోన్ ఎత్తని కొడుకు కథకి ఈ సౌకర్యం ఉందేమో మీవాణ్ణి అడుగు.

ఇంకొకటి. అక్కడ రోజు 24 గంటల 39 నిమిషాల పైచిలుకు. కొడుకు తెల్లవారుజాము మన గడియారంలో రోజూ దాదాపు నలభై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఒకనాడు ఇద్దరికీ ఒకేసారి తెల్లారితే, పద్దెనిమిది రోజులయ్యేసరికి తల్లికి పగలు, కొడుకుకి రాత్రి. అందుకని ఆవిడ గోడ గడియారాన్ని కొడుకు టైముకి నడుపుకుంటుందనుకో. పాత లోలకం గడియారం దొరికితే అది నిజంగానే చెయ్యొచ్చు. లోలకం పొడవు సుమారు ఐదున్నర శాతం పెంచాలి. పాతిక సెంటీమీటర్ల లోలకమైతే సెంటీమీటరున్నర లోపే. కింద ఉండే మరతో అంత దిగకపోతే తీగ ముక్క కలపండి. ఆ తీగ కట్టే చేతుల్ని దగ్గరగా తియ్యండి. నన్నడిగితే అది పది రాకెట్ల పెట్టు.

బరంపురం_సౌండ్:

మాస్టారు కథ చూసుకున్నారు, నేను చెవులు చూసుకుంటాను. తమ్ముడూ, నీకు సగం పని లేనే లేదు. కొడుకు గొంతు దుప్పటి కప్పుకుని ఫోన్లో రికార్డ్ చేసినా సరిపోతుంది. ఎడిటింగ్‌లో 300 హెర్ట్జ్ కిందా, 3400 పైనా ఉన్న శబ్దాన్ని కోసెయ్, పాత టెలిఫోన్లో వచ్చినట్టు వస్తుంది.

రేకుల మీద వాన మాత్రం మహమ్మారి. దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తీసేద్దామని ఎవరైనా అంటే నమ్మొద్దు. గొంతు కూడా దానితోపాటే పోతుంది. వాన వస్తే ముందు బొమ్మ మటుకు షూట్ చేసుకోండి. టేక్ ఓకే అవ్వగానే, ఆవిడకి ఆ మాట తీరు నోట్లో ఉండగానే, వాన తెరిపివ్వగానే, పరుపులూ బొంతలూ ఉన్న లోపలి గదిలో అవే డైలాగులు మళ్ళీ చెప్పించు. నెల తర్వాత డబ్బింగ్ అంటే చంద్రమతి తిరిగొస్తుంది. ఫ్యాను కట్టెయ్యాలి, ఫ్రిజ్ కూడా. ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఖాళీ గది శబ్దం పట్టుకో, ఎడిటింగ్‌లో అతుకులు దానితోనే కప్పుకుంటావు.

అడ్డాకులతో జాగ్రత్త. ఎండు ఆకు కదిలితే మైకులో మంటలు అంటుకున్నట్టు ఉంటుంది. నీళ్ళు చిలకరించి మెత్తబడ్డాక కుట్టించు.

పాతపట్నం_కుర్రోడు:

అన్నా, వాన చప్పుడే కథలో పెట్టెయ్యొచ్చు కదా? మార్స్ మీద వాన లేదు, కొడుకే వినిపించమంటాడు.

బరంపురం_సౌండ్:

ఒక్క సీన్‌కి బాగుంటుంది. కానీ ఒక షాట్‌లో జోరువాన, కట్ చేస్తే తుంపర, మళ్ళీ జోరు. అందుకే ఆ సీన్‌కి కూడా వాన విడిగా రికార్డ్ చేసి ఒకే ముక్క కింద పరవాలి.

పాతపట్నం_కుర్రోడు:

సరే అన్నా. ఇంకో ఐడియా ఉచితం: తల్లి దగ్గరికి పెళ్ళిళ్ళ పేరయ్య వస్తాడు. పిల్లకి కుజదోషం ఉందంటాడు. "మావాడు ఉండేదే కుజుడి మీద, ఇంక దోషమేటి బాబూ" అంటుంది. జనం నవ్వుతారు, అవతల మార్స్ అని కూడా తెలిసిపోతుంది, రాకెట్ ఖర్చు మిగులుతుంది.

ఎర్ర నేల కోసం భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలకి వెళ్దామని మీవాడు అనకముందే చెప్తున్నాను: అది రక్షిత ప్రదేశం, పైగా ఆషాఢంలో వెళ్తే మార్స్ మీద పచ్చగడ్డి.

మీ బావగారిని కూడా కాస్త చూసుకోండి. పెళ్ళి కెమెరా మనిషి చేతికిస్తే విస్తరి కుట్టడం కూడా తలంబ్రాల్లా స్లో మోషన్‌లో వస్తుంది. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను, స్టాండ్ మీద కెమెరా, ఇంతే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ షట్టర్‌తో ట్యూబులైటు మినుకులు చాలావరకు రావు.

రాయగడ_లెక్కల_మాస్టారు:

బ్లెండర్ అబ్బాయిని నిరాశపరచకండి. కొడుకు పంపిన ఫొటో అని చెప్పి ఒక్క సూర్యాస్తమయం చేయించండి. మార్స్ మీద పగలు ఆకాశం పసుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది, పొద్దుగూకేటప్పుడు మాత్రం సూర్యుడి చుట్టూ నీలం. గాలిలోని సన్నటి దుమ్ము వల్ల అలా కనిపిస్తుంది. ఫొటో తల్లి ఫోన్ తెరమీదే చూపిస్తే లోపాలు ఎవరికీ కనబడవు, కంప్యూటర్ రాత్రంతా తిరగక్కర్లేదు.

మహేంద్రతనయ_ఒడ్డు:

మాస్టారూ, మావాడికి మీ జవాబు చదివి వినిపించాను. రాకెట్ మాట వదిలేశాడు గానీ, నీలం సూర్యుడి కోసం అప్పుడే లైట్లు పెట్టి కూర్చున్నాడు. ఆలస్యం పెరుగుతూ పోయేలా సీన్లు తిరగరాస్తున్నాను, రెండు వారాల మౌనంతో ఆపేస్తాను. గడియారం మా తాతగారిది అటక మీద ఉంది, ముల్లు కదులుతుందో లేదో చూడాలి.

సౌండ్ అన్నా, ఈ రోజు టెస్ట్ చేశాం. చేతిలో పని ఉంటే పెద్దమ్మ కెమెరానే మర్చిపోయింది, మాట మామూలుగా వచ్చింది. ఆకులు తడపమంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఎక్కువ తడిస్తే బూజు పడతాయి, ఆ కట్ట షావుకారు తీసుకోడు, డబ్బులు నువ్విస్తావేటి?" అంది. బడ్జెట్‌లో రెండు కట్టల అడ్డాకులు రాసుకున్నాను.