ఉద్యోగం చేస్తూ నవల రాసేవాళ్లు మధ్యలో ఊపు పోకుండా ఎలా చూసుకుంటున్నారు?

అందరికీ నమస్కారం. నేను బ్యాంకులో పనిచేస్తాను, మార్చి వచ్చిందంటే ఇయర్ ఎండింగ్ టెన్షన్‌తో ఇంటికి చేరేసరికి రాత్రి ఏ తొమ్మిదో అవుతుంది. కథలు రాయడం ఎప్పట్నుంచో అలవాటే, ఒక ఆదివారం గట్టిగా కూర్చుంటే చిత్తుప్రతి అయిపోతుంది కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు. ఇప్పుడు చీరాల చేనేత కుటుంబం మీద నవల మొదలుపెట్టాను, చిక్కంతా ఇక్కడే. వారం గ్యాప్ వస్తే చాలు, ఆ మనుషుల గొంతు నా చెవిలోంచి పోతోంది. గుంటమగ్గం మీద కూర్చుని మాట్లాడే పెద్దాయన మాట ఒక అధ్యాయంలో ఒకలా, ఇంకో అధ్యాయంలో ఇంకోలా వస్తోంది. పోనీ అని మొదటి నుంచి చదువుకుంటే ఆ పూట దానికే సరిపోతుంది, కొత్తగా ఒక్క పేజీ కూడా పడదు.

కథకుడు కారా (కాళీపట్నం రామారావు) మాస్టారు బడిలో పాఠాలు చెబుతూ, రచయిత రావిశాస్త్రి గారు లాయరుగా పనిచేస్తూ రాశారు కదా, అందుకే ఉద్యోగం అడ్డమని నేననుకోను. పద్ధతే తెలియాలి.

రోజూ తెల్లవారుజామున అరగంట మేలా, సెలవురోజు నాలుగైదు గంటలు మేలా? ఆపేముందు తర్వాతి సన్నివేశం గురించి రెండు మాటలు రాసిపెట్టుకుంటే పనిచేస్తుందా? బస్సులో వాయిస్ టైపింగ్ ప్రయత్నించాను, మామూలు తెలుగు బాగానే పడుతోంది గానీ యాస వచ్చేసరికి పదాలు మార్చేస్తోంది. నవల పూర్తిచేసిన ఉద్యోగస్తులెవరైనా ఉంటే, మీరు నిజంగా ఏం చేశారో చెప్పండి. రాయబుద్ధి కాని రోజుల్లో ఏం చదువుతారో కూడా రాయండి, ప్లీజ్.