విండోస్ ఎక్స్‌పీ డెస్క్‌టాప్‌లో సౌండు లేదు, పసుపు ప్రశ్న గుర్తు పోవడం లేదు

నరసరావుపేట డీటీపీ:
అందరికీ నమస్కారం. మా షాపులో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. జీ31 మదర్‌బోర్డు, కోర్ 2 డ్యూయో, 2 జీబీ ర్యామ్. అందులో ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపుకి అను ఫాంట్లు. పెళ్లికార్డులు, కరపత్రాలు అన్నీ దానిమీదే చేస్తాం. హార్డ్ డిస్క్ పోతే కొత్తది వేయించి, ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 మళ్లీ ఎక్కించాం. అన్నీ బాగానే ఉన్నాయి, సౌండు ఒక్కటే లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో చూస్తే "నో ఆడియో డివైస్" అని వస్తోంది. రిపేరు చేసే కుర్రాడు తన పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఏసీ97 అనే సౌండు డ్రైవర్ (చిప్‌ని విండోస్‌కి పరిచయం చేసే ప్రోగ్రామ్) మూడుసార్లు వేశాడు. ఇన్‌స్టాల్ అయిందనే అంటుంది, రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికే. సౌండు చిప్ కాలిపోయింది, సౌండు కార్డు కొనుక్కోండి అంటున్నాడు. నిజమేనా? పాటలు లేకుండా రోజంతా ప్రూఫులు దిద్దడం నావల్ల కావట్లేదండీ.

ఖమ్మం సర్వీసు:
కాలిపోయిందని అప్పుడే అనుకోకండి. స్పీకర్లను ముందు మీ ఫోనుకి పెట్టి చూడండి, అవి పలుకుతున్నాయో లేదో తేలిపోతుంది. తర్వాత మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, హార్డ్‌వేర్, డివైస్ మేనేజర్‌లోకి వెళ్లండి. అక్కడ పసుపు గుర్తుతో ఏం కనిపిస్తోంది?

నరసరావుపేట డీటీపీ:
స్పీకర్లు ఫోనుకి బ్రహ్మాండంగా పలుకుతున్నాయి. డివైస్ మేనేజర్‌లో "అదర్ డివైసెస్" కింద "పీసీఐ డివైస్" అని ఒకటి ఉంది, దానికి పసుపు ప్రశ్న గుర్తు.

ఖమ్మం సర్వీసు:
అయితే మంచి వార్తే. చిప్ బోర్డుకి కనబడుతోంది, అదెవరో ఎక్స్‌పీకి తెలియడం లేదు, అంతే. బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, ఆడియోని ఆపేసి ఉంటే ఆ గుర్తు కూడా కనబడేది కాదు. ఇప్పుడు దానిమీద డబుల్ క్లిక్ చేసి డీటెయిల్స్ ట్యాబ్ తెరవండి. అక్కడ పొడుగాటి వరుస ఒకటి ఉంటుంది. అందులో వెండర్ (తయారీ కంపెనీ) దగ్గర 8086 ఉంటే ఇంటెల్. డివైస్ దగ్గర 27డీ8 ఉంటే హెచ్‌డీ ఆడియో, 27డీఈ ఉంటే ఏసీ97. ఏది ఉందో చూసి చెప్పండి. నా అనుమానం మొదటిదే.

విశాఖ గేమర్:
అన్నా, ఇంత తంటా ఎందుకు? విండోస్ 10 వేసేయండి, సౌండ్ డ్రైవర్ దానంతటదే వచ్చేస్తుంది.

ఖమ్మం సర్వీసు:
తమ్ముడూ, నువ్వన్నది నిజమే, 10లో మామూలుగా అదే పట్టుకుంటుంది. కానీ ఆయన ఎక్స్‌పీ ఉంచుకున్నదే అను కోసం, పేజ్‌మేకర్ కోసం. సౌండు కోసం షాపు మూసుకోమంటామా?

నరసరావుపేట డీటీపీ:
27డీ8 అనే ఉందండీ!

ఖమ్మం సర్వీసు:
అనుకున్నదే. ఏసీ97 అనేది బోర్డు మీద సౌండుకి 1997 నాటి పద్ధతి. ఇంటెల్ హెచ్‌డీ ఆడియో 2004లో వచ్చింది. మీ ఎక్స్‌పీ 2001 నాటిది, అందుకే ఈ కొత్త పద్ధతి దానికి పుట్టుకతో తెలియదు. మీ కుర్రాడు ఏసీ97 డ్రైవర్ మూడుసార్లు కాదు ముప్పైసార్లు వేసినా పలకదు, వేరే తాళానికి వేరే తాళంచెవి పెట్టి తిప్పడమే అది.

హెచ్‌డీకి రెండు మెట్లు ఉంటాయి. మొదట మైక్రోసాఫ్ట్ వారి బస్ డ్రైవర్ (ఎక్స్‌పీకీ సౌండు చిప్‌కీ మధ్య దారి వేసేది) కావాలి, దాని నంబరు కేబీ888111. అది ఎక్కాకే అసలు చిప్ తన పేరు బయటపెడుతుంది. రియల్‌టెక్ వారి ఎక్స్‌పీ హెచ్‌డీ ఆడియో ప్యాకేజీలో ఆ బస్ డ్రైవర్ కూడా కలిసే ఉంటుంది కాబట్టి విడిగా వెతకక్కర్లేదు.

ముందు యాడ్ ఆర్ రిమూవ్ ప్రోగ్రామ్స్‌లో ఆ ఏసీ97ను తీసేసి రీస్టార్ట్ చేయండి. కొత్త డ్రైవర్‌ను ఆ మెషీన్‌లో దించుకోవద్దు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయింది, దాని పాత బ్రౌజర్‌లో ఇప్పటి సైట్లు సగం తెరుచుకోవు. వేరే కంప్యూటర్లో బోర్డు కంపెనీ సైటు నుంచి దించి, వైరస్ స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. డ్రైవర్లన్నీ మేమే వెతికిపెడతాం అనే ప్రోగ్రాములు కనిపిస్తాయి, వాటి జోలికి అసలు పోకండి. సెటప్ నడిపాక మధ్యలో రీస్టార్ట్ అడిగితే కంగారు పడకుండా చేయండి.

హైదరాబాద్ లినక్స్:
ఇంకా అనుమానం ఉంటే లినక్స్ మింట్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టమ్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌లోనే ఒక పాట పెట్టి చూడండి. పలికితే చిప్ బతికే ఉందన్నమాట. పలకకపోతే మాత్రం వెంటనే పోయిందనుకోవద్దు, అక్కడ మ్యూట్‌లో ఉన్నా మూగబోతుంది.

నరసరావుపేట డీటీపీ:
మింట్ దాకా వెళ్లే పని పడలేదు. మీరు చెప్పినట్టే చేశాను, రెండుసార్లు రీస్టార్ట్ అయింది, వెనక పచ్చ జాక్‌లో పాట మోగింది! ఆ డీటెయిల్స్‌లో ఇప్పుడు వెండర్ 10ఈసీ, డివైస్ 0662 అని చూపిస్తోంది. ఒక్క లోటు మిగిలింది. క్యాబినెట్ ముందున్న హెడ్‌ఫోన్ జాక్ పనిచేయడం లేదు.

ఖమ్మం సర్వీసు:
10ఈసీ అంటే రియల్‌టెక్, 0662 అంటే ఏఎల్‌సీ662. ఈ నంబరు కాగితం మీద రాసి క్యాబినెట్ లోపల అంటించండి, రేపు ఎవరైనా మళ్లీ ఫార్మాట్ చేస్తే పనికొస్తుంది.

ముందువైపు జాక్ సంగతి డ్రైవర్‌ది కాదు, వైరుది. పవర్ తీసేసి క్యాబినెట్ విప్పండి. ముందు ప్యానెల్ నుంచి వచ్చే ఆడియో వైరుకి చాలా పాత క్యాబినెట్లలో రెండు కొనలుంటాయి, ఒకదానిమీద ఏసీ97, ఇంకోదానిమీద హెచ్‌డీ ఆడియో అని రాసి ఉంటుంది. ఏది గుచ్చారో చూడండి. హెచ్‌డీ కొన అసలు లేకపోతే రియల్‌టెక్ మేనేజర్‌లో ముందు జాక్ గుర్తింపు ఆపే టిక్కు ఉంటుంది, అది పెడితే సరిపోతుంది.

నరసరావుపేట డీటీపీ:
విప్పి చూస్తే ఏసీ97 కొనే గుచ్చి ఉంది. డిస్క్ మార్చినప్పుడు వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టారు కదా, అప్పుడు తారుమారైనట్టుంది. మార్చాను, హెడ్‌ఫోన్ కూడా పలుకుతోంది. డ్రైవర్ ఫోల్డర్‌కి "సౌండు చెరపొద్దు" అని పేరు పెట్టి డీ డ్రైవ్‌లో దాచాను. మా కుర్రాడికీ ఒక కాపీ ఇచ్చాను, వాడి పెన్‌డ్రైవ్‌లో హెచ్‌డీది లేనే లేదట.